లిస్బెత్ డిలీట్ చేయించిన మెయిల్

“వేలు తియ్! ఐనర్, ముందు దాని మీంచి వేలు తియ్!”

లిస్బెత్ వంటింట్లోంచి పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చి, మొగుడి ముందున్న ట్యాబ్ లాగేసుకుంది. అందులో అప్పుడే ఒక మెయిల్ వచ్చింది. పంపినవాడి పేరుండాల్సిన చోట ‘మీ మిత్రుడు’ అని మాత్రం ఉంది. ‘అతి రహస్యం. అత్యవసరం. ఎవరితోనూ అనకండి. అటాచ్‌మెంట్ వెంటనే తెరవండి. చదివాక తీసేయండి.’

“చూశావా? దొంగవెధవ, మోసపు మెయిల్ లక్షణం ఒక్కటి కూడా వదల్లేదు! అటాచ్‌మెంట్ తెరిస్తే మన ట్యాబ్ వాడి జేబులో ఉన్నట్టే.”

“నీ మాటే మాట. తీసేయ్,” అన్నాడు ఐనర్ బుద్ధిమంతుడిలా, కాఫీ కప్పు ఎత్తుకుంటూ.

ఆ వీధిలో పెద్దవాళ్లందరికీ లైబ్రరీలో ట్యాబ్ పాఠాలు చెప్పేది లిస్బెతే. మెయిల్ తీసేసి చేతులు కడుక్కుందో లేదో, ఎదురింటి యుటా ఫోన్ చేసింది. తనకూ అదే మెయిల్ వచ్చిందట. మూలింటి ప్రెబెన్‌కీ వచ్చిందట.

“అయితే వీధి సంఘం మెయిల్ లిస్టంతా వాడి చేతిలో పడిందన్నమాట!”

లిస్బెత్ సైకిలెక్కింది. ఇంటింటికీ తిరిగి తలుపు తట్టింది. “తెరవకండి. తెరిచారో, మనవల ఫొటోలతో సహా ఊడ్చుకుపోతాడు. నా ముందే డిలీట్ చేయండి,” అని దగ్గరుండి చేయించింది. అందరూ “అలాగే టీచరమ్మా” అని మరీ వినయంగా తలలూపారు.

దొంగను తరిమిన సంతోషం ఇల్లు చేరేసరికి ఆవిరైపోయింది. తెల్లారితే వాళ్ల పెళ్లికి యాభై ఏళ్లు. అక్కడి ఆచారం ప్రకారం ఆ వేళ పొద్దు పొడవకముందే వీధివాళ్లు వచ్చి గుమ్మానికి పచ్చటి కొమ్మల తోరణం కట్టాలి, బాకా ఊది, పాట పాడి దంపతుల్ని నిద్రలేపాలి. ఇంత వీధి తిరిగినా ఎవరి పెరట్లోనూ ఒక్క కొమ్మ కొట్టిన జాడ లేదు.

“యుటా వాళ్ల యాభయ్యేళ్ల పండగ తోరణానికి కొమ్మలు మన పెరట్లోంచే వెళ్లాయి,” అంది ముక్కు చీదుతూ. “కొమ్మలు గుర్తుంటాయి వీళ్లకి. నేను గుర్తుండను.”

“పెళ్లి మనది, వీధిది కాదుగా.”

“నువ్వు మాట్లాడకు.”

మర్నాడు వెలుగు రాకముందే ఆమెకి మెలకువ వచ్చింది. పాట వినబడేదాకా నిద్ర నటించాలి, అది రివాజు. నటించింది. ఎంతసేపు నటించినా పాట లేదు, పక్కన ఐనర్ గురక తప్ప. ఇక ఉండబట్టలేక కిందికి దిగి తలుపు తీసింది.

నిచ్చెన మీద ప్రెబెన్, చంకలో దేవదారు కొమ్మలు. వీధిలో ఇంకెవరూ లేరు.

“అక్కా! నువ్విప్పుడు నిద్రపోతూ ఉండాలి కదా!”

“నా నిద్ర సంగతి తర్వాత. నువ్వొక్కడివేనా? మిగతావాళ్లేరి?”

“ఎలా వస్తారు? ఎప్పుడు రావాలో, ఏం పాడాలో అంతా నిన్నటి మెయిల్లోనే ఉంది. నువ్వేమో ఇంటింటికీ తిరిగి మరీ తీయించావు.”

లిస్బెత్ గుమ్మంలోనే కూలబడింది. తన పండగని తన చేత్తోనే చెరుపుకుంది. ఆమెకి నిజంగానే ఏడుపొచ్చింది.

అది చూసి ప్రెబెన్ ఇక ఆటపట్టించలేకపోయాడు. నిచ్చెన మీంచే బాకా తీసి ఊదేశాడు. కంచె వెనక దాక్కున్న వీధి వీధంతా లేచి నిలబడింది. వేడి బన్నులు, ఫ్లాస్కులు, సీసాలు, ప్రతి చేతిలోనూ పాట కాగితం.

లిస్బెత్ కళ్లు తుడుచుకుని అందరినీ కలయజూసింది. ఉన్నట్టుండి ఆమెలో టీచరమ్మ లేచింది.

“అంటే మీరంతా ఆ అటాచ్‌మెంట్ తెరిచారా?”

“నువ్వు రాకముందే తెరిచాం, టీచరమ్మా,” అంది యుటా. “క్లాసులో ఒక్కరూ పాసవలేదు!”

లిస్బెత్ పకపకా నవ్వింది. అందరూ పాట ఎత్తుకున్నారు. రెండో చరణం సగంలో ఆమె చెయ్యెత్తి ఆపేసింది.

“ఆగండాగండి. మొదటిసారి ముద్దు పెట్టబోతే ఐనర్‌ని సైకిల్‌తో సహా కాలవలోకి తోశానని మీకెవరు చెప్పారు? ప్రెబెన్, ఈ పాట రాసి పంపింది నువ్వేనా?”

“నేనా? నేను యుటా అనుకున్నానే!”

“నాకేం తెలుసు?” అంది యుటా. “మెయిలొచ్చింది, తెరిచాను.”

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఇంతలో లిస్బెత్ వెనక, ఇంకా ఎవరూ పాడని మూడో చరణం వినబడింది. పైజామా మీదే టై కట్టుకుని, చేతిలో కాగితం లేకుండా, ఐనర్ పాడుకుంటూ మెట్లు దిగుతున్నాడు.