ఆషాఢంలో రెండు సిలిండర్లు

"వెనక బరువు పడితేనే బావుందండీ ఈ బండి. ఒక్కదాన్నే వెళ్తే చిన్న గుంటకే ఎగిరిపడుతోంది" అంది వీరదుర్గ ఫోన్లో.

"వెనక ఎవరెక్కారు?" అన్నాడు శ్రీహరి.

"ఒక ఫ్రెండులెండి. మొదటిసారి కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చుంది. ఇవాళేమో లారీని దాటమని వీపు మీద పొడుస్తోంది."

శ్రీహరికి నవ్వూ వచ్చింది, ఉక్రోషమూ వచ్చింది. ఆ వెనక సీటు మీద తనింకా కూర్చోనేలేదు.

పెళ్ళయిన పది రోజులకే ఆషాఢం వచ్చిపడింది. ఆ నెలంతా కొత్త అత్తాకోడళ్ళు ఒకే గడప దాటకూడదు. అల్లుడు అత్తవారి గడప తొక్కకూడదు. వీరదుర్గ పెంటపాడులో పుట్టింటికి వెళ్ళింది. తాడేపల్లిగూడెంలో లెక్చరర్‌గా సంపాదించిన జీతంతో, పెళ్ళికి ముందే ఆమె బుక్ చేసుకున్న రెండు సిలిండర్ల మోటార్‌సైకిల్ సరిగ్గా అప్పుడే చేతికొచ్చింది. శ్రీహరి ఏలూరులో, భార్యా బండీ అక్కడ. రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, డాబా మీదకెళ్ళి ఫోన్లో బండి కబుర్లు వినడమే అతని కాపురం.

"ఇంకా చెప్పు" అన్నాడు.

"నెమ్మదిగా వెళ్తే దడదడమని గొణుగుతుందండీ, నిద్రలో లేపినట్టు. అరవై దాటిందా, కుట్టుమిషనే! క్లచ్చి రెండు వేళ్ళకే వచ్చేస్తుంది. ఇంజన్ ఇంకా కుదుటపడాలట, మొదటి సర్వీసు దాకా గట్టిగా లాగొద్దన్నారు. ట్రాఫిక్‌లో ఆగితే మాత్రం కుడికాలు పొయ్యి పక్కన పెట్టినట్టే."

"అందుకేనా ఊళ్ళోకి రావు?"

"అందుకే కొల్లేరు రోడ్డు. రెండు పక్కలా నీళ్ళు, మధ్యలో మేము. హారన్ కూడా కొట్టక్కర్లేదు, శబ్దానికే కొంగలు లేచిపోతున్నాయి."

"ఏలూరు పక్కనుంచే కదా వెళ్తావు! ఒకసారి కనబడకూడదూ?"

"నాకు క్లాసుల్లేనప్పుడు మీకు ఆఫీసు. నేనేం చెయ్యనండీ?"

ఫోన్ పెట్టేశాక శ్రీహరి మొహంలో నవ్వు నిలవలేదు. చెప్పవలసిన మాట ఈ రోజూ చెప్పలేదు.

బండి ఫోటో వచ్చిన రోజునే తల్లి సుందరమ్మ తేల్చేసింది. "శ్రావణంలో కోడలు మన గడపలో అడుగుపెట్టేసరికి ఆ బండి ఉండకూడదు. కొత్తకోడలు దడదడలాడించుకుంటూ వీధిలోకొస్తే అందరూ గుమ్మాల్లోకొచ్చి చూస్తారు." అక్కడితో ఆగకుండా, పెదవేగిలో తెలిసినవాళ్ళబ్బాయి పవన్‌కుమార్‌ని శ్రావణం రాగానే వచ్చి బండి చూసుకుని కొనుక్కోమంది. శ్రీహరి అప్పుడు నోరు మెదపలేదు. కానీ పెళ్ళిచూపుల్లో వీరదుర్గ అతన్ని అడిగింది ఒక్కటే: "నా బండికి అడ్డు చెప్పరుగా?" చెప్పనని మాటిచ్చాడు.

కిందికి దిగేసరికి సుందరమ్మ నడుముకి బామ్ రాసుకుంటోంది.

"ఏమంటోంది మీ ఆవిడ?"

"బండి బావుందంటోంది."

"ఏం బావుండటం! వెనక సీటు పీట ముక్కంత. పట్టుకోడానికి ఏమీ లేదు. ఎక్కినవాళ్ళ నడుం పట్టేయదూ?"

"ఫోటో చూస్తేనే నీకు నడుం పట్టేసిందా అమ్మా?"

"వెటకారాలొద్దు. వెళ్ళి అన్నం తిను."

ఆవిడ వాలకం కూడా ఈ మధ్య వింతగానే ఉంది. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం కైకలూరు బస్సెక్కి కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడికి వెళ్తోంది. పుట్టి బుద్ధెరిగాక చీర తప్ప కట్టని మనిషి, రెండు పంజాబీ డ్రెస్సులు కుట్టించుకుంది. "బస్సు ఎక్కి దిగడానికి చీర అడ్డం పడుతోందిరా" అంది. నాట్ల పని మీద ముదినేపల్లిలో ఉన్న తండ్రికి శ్రీహరి ఈ సంగతి చెబితే, "కోడలొచ్చిన వేళ, వయసు తగ్గుతోందేమో" అని నవ్వాడాయన.

ఆషాఢం ఆఖరి శుక్రవారం. ఆ ఆదివారమే పవన్‌కుమార్ వస్తానన్నాడు. శ్రీహరి పర్మిషన్ పెట్టి తొందరగా ఇంటికొచ్చాడు. ఏమనాలో అద్దం ముందు నిలబడి అనుకున్నాడు. మొదట మెల్లగా, తర్వాత గట్టిగా. తల్లికి ఎదురుచెప్పడం అతనికి అలవాటు లేదు. అయినా ఈసారి ఊరుకుంటే, వీరదుర్గ ఇంకెప్పుడూ డాబా మీది కబుర్లంత సంబరంగా తనతో మాట్లాడదని అతనికి తెలుసు.

తుంపర మొదలైన కాసేపటికి గేటు చప్పుడైంది. సుందరమ్మ చున్నీ తల చుట్టూ కప్పుకుని, చెప్పుల బురద మెట్టుకి రాసి, లోపలికొచ్చింది.

"అమ్మా, నేనొక మాట చెప్పాలి. అడ్డం రాకు."

"చెప్పు."

"ఆ బండి అమ్మేది లేదు. దుర్గకి మాటిచ్చాను. నీకు కోపమొచ్చినా సరే. పవన్‌కుమార్‌కి ఇప్పుడే ఫోన్ చేసి రావద్దని చెప్పేస్తాను."

"నువ్వు చెప్పక్కర్లేదు. పొద్దున్నే నేను చెప్పేశాను."

శ్రీహరి జేబులోంచి తీసిన ఫోన్ మళ్ళీ లోపల పెట్టేశాడు.

"ఏమని చెప్పావు?"

"ఇంజన్ ఇప్పుడిప్పుడే కుదుటపడుతోంది, ఇచ్చేది లేదని చెప్పాను."

"నువ్వేగా అమ్మించమన్నావు!"

"అన్నాను. అప్పుడు నాకేం తెలుసు?"

"మరి ఇప్పుడేం తెలిసింది?"

సుందరమ్మ చున్నీ తీసి, తడి దులిపి, కొక్కేనికి తగిలించి ఇటు తిరిగింది.

నుదుటి మీద అడ్డంగా హెల్మెట్ అచ్చు ఉంది.