నాలుగు రెబ్బలు

ఆసుపత్రి చీటీని తమ్ముడు బల్ల మీద నుంచి కిందకి తోసేశాడు. అక్క మొహంలోకే చూస్తూ నాలుగో వెల్లుల్లి రెబ్బ కసాబిసా నమిలాడు.

"దొడ్డికెళ్తే రక్తం పడుతోందిగా. పరీక్షకి రావడానికి ఏం మాయరోగంరా నీకు?"

"రోజూ ఇది తినేవాడికి పేగు క్యాన్సర్ రాదు. నీ పెత్తనం నీ ఇంట్లో చూపించుకో."

"రాకుండా కాస్త సాయపడొచ్చేమో అన్నారు డాక్టర్లు. అంతే."

"నాన్న ఇది తినుంటే ఆ జబ్బుతో పోయేవాడు కాదు. నేను హాస్టల్లో ఉన్నాను. దగ్గరున్నదానివి, నువ్వేం చూసుకున్నావు?"

అక్క వంగి చీటీ తీసి, మళ్లీ అతని ముందే పెట్టింది.

"నాన్నకి రోజూ పొద్దున్నే నాలుగు రెబ్బలు ఒలిచి నేనే తినిపించేదాన్ని," అంది. "రక్తం పడుతోందని చెప్పిన రోజు నుంచి ఆరు పెట్టాను."