ముక్కు పోలిక

"కళానాథ్ గారు స్వయానా మా తాతగారి అన్నగారు" అన్నాడు సురేంద్ర.

కారుకి సడెన్ బ్రేకు పడింది.

వెనక సీట్లో కూర్చుని ఉపన్యాసం బట్టీ పడుతున్న సురేంద్ర ముందు సీటుకి గుద్దుకున్నాడు.

"ఏమైంది మస్తాన్?"

"ఒంటె సార్."

రియాద్ నడిబొడ్డున, ఆఫీసుల మధ్య, ఒంటె. సురేంద్ర నమ్మేశాడు. తను చెప్పేవి నలుగురూ నమ్మాలంటే నలుగురు చెప్పేవి తనూ నమ్మాలన్నది అతని సిద్ధాంతం.

కళానాథ్ మూకీల కాలం నాటి దర్శకుడు. అది సినిమాకి పెట్టుకున్న పేరు, అసలు పేరెవరికీ తెలీదు. చకచకా ఏడు మూకీలు తీశాడు. టాకీలొచ్చాక ఒకే ఒక్కటి తీసి, ఎటో మాయమైపోయాడు. ఇన్నేళ్లకి చెన్నైలో ఎవరి గోడౌన్లోనో ఆయన తీసిన రీలు ముక్క ఒకటి బయటపడింది. రియాద్ తెలుగు సంఘంవాళ్లు ఈ సాయంత్రం దాన్ని తెర మీద వేస్తున్నారు. దర్శకుడి వారసుడిగా సురేంద్రకి శాలువా. భుజమ్మీద శాలువా పడితే సంఘం అధ్యక్ష పదవి ఒళ్లో పడ్డట్టే.

ఈ చుట్టరికం ఎలా కలిసిందంటే, పాత పోస్టరు మీద 'కె. కళానాథ్' అని ఉంది. సురేంద్ర ఇంటిపేరు కొల్లిపర. సంఘంలో 'కె'తో మొదలయ్యే ఇంటిపేర్లు ఇంకా చాలానే ఉన్నాయిగానీ, వాట్సాప్ గ్రూపులో ముందు పోస్టు పెట్టింది సురేంద్ర.

అధ్యక్ష పదవి మీద కన్నున్న ఉదయకిరణ్ ఒక్కడే "రుజువేదండీ?" అన్నాడు.

"రీల్లో ఆయనే వేషం వేశారుగా! మొహం చూడండి చాలు. మా వంశం ముక్కు ఎక్కడున్నా దాగదు" అన్నాడు సురేంద్ర.

కారు మళ్లీ కదిలింది. ఉపన్యాసమూ కదిలింది.

"మాటలొచ్చాక ఆయన సినిమాలెందుకు మానేశారో చరిత్రకే అందని రహస్యం..."

"మానుకోలేదు సార్, మాన్పించినారు" అన్నాడు మస్తాన్ వలీ. "బొమ్మ మూగగా ఉన్నన్నాళ్లు ఆయప్ప ఎంత అరిచినా ఎవురికీ పట్టలే. మైకొచ్చినాక నోరు మూసుకోమన్నారు."

"యూట్యూబ్‌లో చూశావా?"

"ఇంట్లో అనుకుంటాంటే విన్నా సార్."

"ఇళ్లల్లో ఏవేవో అనుకుంటారు. అవన్నీ నమ్మకూడదు."

మస్తాన్ వలీది కడప దగ్గర పల్లె. ఒక కన్ను నలుపు, రెండోది నీళ్లు పోసినట్టు తెల్లటి బూడిదరంగు. పనిలో చేరినరోజే సురేంద్ర భార్య హైమ అదేంటని అడిగింది. "మా ఇంట్లో తరానికొక మొగోనికి వస్తాదమ్మా, ఏం భయం లే" అన్నాడు. భయం లేకపోయినా ఇంటికొచ్చే అతిథులు ఏమనుకుంటారోనని హైమ అతనికి నల్లద్దాలు కొనిపెట్టింది. తను కొనిపెట్టిన సంగతి ఆ అతిథులందరికీ చెప్పింది.

ఇప్పుడతని ఇకామా, అంటే ఆ దేశంలో ఉండే పర్మిట్టు, గడువు అయిపోయింది. కంపెనీ మళ్లీ చేయించలేదు. పాస్‌పోర్టు మీద, ఇక ఇంటికి పొమ్మని ఫైనల్ ఎగ్జిట్ పడింది. ఈ రాత్రికే విమానం.

"సార్, పోయేముందర నన్నూ ఆ బొమ్మ చూడనీయండి. ఒక్క నిమిషమే."

ఆరేళ్లలో అతను నోరు తెరిచి అడగడం ఇదే మొదలు.

"నీకెందుకయ్యా?"

"తీసినాయన మొగం చూడాలని ఉండాది సార్. యాడా ఒక ఫోటో గూడా లే."

"ఆయనదాకా ఎందుకు? నన్ను చూడు, సరిపోతుంది."

మస్తాన్ వలీ కారు అద్దంలోంచి చూశాడు. సరిపోయినట్టు లేదు.

సాయంత్రం, ఫంక్షన్లకని అద్దెకు తీసుకున్న ఇస్తిరాహా విడిదిలో కుర్చీలు నిండాయి. మస్తాన్ వలీ కార్లోంచి బిర్యానీ డేగిసాలు దించి, హాలు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"వాకిట్లోనించే చూసిపోతా సార్. టాక్సీ వస్తాంది."

"లోపల ఫ్యామిలీలున్నాయి మస్తాన్. బాగుండదు. ఇంతకీ రైతా ఏది?"

మస్తాన్ వలీ వెళ్లి రైతా బకెట్టు తెచ్చాడు. కారు తాళం సురేంద్ర చేతిలో పెట్టాడు.

"ఉంటా సార్" అన్నాడు, మళ్లీ రాకుండా పోతూ.

సురేంద్ర రైతాలో ఉప్పు చూస్తున్నాడు.

దీపాలార్పారు. తెర మీద యుద్ధం. చప్పుడు లేకుండా దుమ్ము, చప్పుడు లేకుండా గుర్రాలు. సారథి వేషగాడు గుర్రాలకి జడిసి పారిపోతే దర్శకుడే పగ్గాలు పట్టాడట. రథం మీద ఆయన వీపు కనబడింది.

"ఎంత దర్జా అండీ, అచ్చం మీ వీపే!" అంది హైమ.

అంతలో సారథి వెనక్కి తిరిగాడు. తెర నిండా మొహం.

ఒక కన్ను నలుపు. రెండోది నీళ్లు పోసినట్టు తెలుపు.

"అయ్యో, ఆ కంటి దగ్గర ఫిల్మ్ పాడైనట్టుందే!" అన్నారెవరో.

"ముక్కు మాత్రం అక్షరాలా సురేంద్రగారిదే" అన్నాడు ఉదయకిరణ్, ఓడిపోయినవాళ్లకుండే పెద్దమనసుతో.

చప్పట్లు మోగాయి. ఎవరో చీకట్లోనే శాలువా కప్పేశారు.

హైమ ఒక్కతే చప్పట్లు కొట్టలేదు. నల్లద్దాలు కొన్న మనిషి కదా.

"ఏమండీ... ఆ కన్ను..."

"ఫిల్మ్ పాడైంది" అన్నాడు సురేంద్ర, చేతిలో కారు తాళం బిగించి పట్టుకుని.

తెర మీద మస్తాన్ వలీ తాత మాత్రం, ఆరేళ్లలో మనవడు ఒక్కనాడూ చేయని పని చేస్తూ, వెనక కూర్చున్న పెద్దమనిషి కళ్లలోకి సూటిగా చూస్తున్నాడు.