ఆదివారం టకటక

ఆదివారం ఉదయం ఏడింటికి కారు మళ్లీ టకటకలాడింది. వరుసగా నాలుగో ఆదివారం.

స్టార్ట్ చేసింది అమ్మమ్మ. ఇంజన్ ఆపకుండానే మెకానిక్‌కు ఫోన్ చేసింది.

"బాబూ, విను. నీ పనితనం ఎలా మోగుతోందో విను" అని ఫోన్‌ను కిటికీలోంచి బయటకు పెట్టింది.

వీధి చివరి షెడ్డు నుంచి మెకానిక్ పరుగున వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మనవరాలు గుమ్మంలోకి వచ్చింది.

"నిన్న పొద్దున పెట్రోలు పోయించుకొచ్చా కదా అమ్మమ్మా. బాగానే ఉంది."

"ఇవాళ లేదు" అంది అమ్మమ్మ.

అది తాతయ్య కొన్న కారు. మూడు లక్షల కిలోమీటర్ల దగ్గర మీటరు ఆగిపోయింది. కారు ఆగలేదు. మనవరాలు అందులో పిల్లల్ని బడికి దింపుతుంది. ఆమెకు అదే ఉద్యోగం.

"ఇదే ఆఖరు" అంది అమ్మమ్మ మెకానిక్‌తో. "ఈ చప్పుడు ఇవాళ పోతే పోయినట్టు. లేదంటే రేపు పాత సామాన్లవాడొచ్చి బండిని లాక్కుపోతాడు. మాట్లాడేశాను."

"మరి పిల్లల్ని ఎలా దింపను?"

"నడిపించు. కాళ్లు లేవా వాళ్లకి?"

మెకానిక్ బానెట్ ఎత్తి, ఇంజన్ మీద చెయ్యి పెట్టి తీసేశాడు. "వేడెక్కిపోయింది మామ్మగారూ. చల్లారితే గానీ ట్యాపెట్లు ముట్టుకోకూడదు. మీరు స్టార్ట్ చెయ్యకుండా ఉంటే..."

"చెయ్యకపోతే చప్పుడెలా తెలుస్తుంది? ఆ ఇనప సామాను సంగతి నాకేం తెలుసు? కూర్చోండి ఇద్దరూ. కాఫీ పెడతా."

వంటింట్లోకి వెళ్లిన అమ్మమ్మ ఎంతకీ రాలేదు. ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు. మధ్యలో పానాల పెట్టె.

"ఎండగా ఉంది" అన్నాడు మెకానిక్.

"అవునండీ."

"వాన పడినా పడొచ్చు."

"అవునండీ."

పోయిన ఆదివారం కూడా ఇవే మాటలు. అంతకుముందు ఆదివారం వాన సంగతి దాకా కూడా రాలేదు.

ఇంజన్ చల్లారాక మెకానిక్ వాల్వ్ కవరు విప్పాడు. మనవరాలు టార్చి పట్టుకుంది. వాల్వుకూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య సన్నని సందు ఉండాలి. ఎక్కువైతే టకటక. తక్కువైతే చప్పుడుండదు గానీ వాల్వు కాలిపోతుంది. గేజి రేకు ఆ సందులోకి దూర్చి కొలిచి, ట్యాపెట్ మరతో సరిచేస్తారు.

పోయిన మూడుసార్లూ మెకానిక్ కొలవకుండానే బిగించాడు. ఈసారి ఆఖరు కనుక ముందు కొలిచాడు. మొదటి వాల్వు సందు ఉండాల్సిన దానికి రెట్టింపు ఉంది. రెండోదీ అంతే. మూడోదీ అంతే. ఎనిమిదో వాల్వు దగ్గర కూడా అదే రేకు, అదే బిగువుతో దూరింది.

మెకానిక్ గేజి కింద పెట్టాడు.

"అరిగిన ఇంజన్‌లో ఏ రెండు వాల్వులూ ఒక్కలా వదులవవు" అన్నాడు మెల్లగా. "ఎనిమిదీ ఒకే కొలత రావాలంటే, ఎవరో పనిగట్టుకుని వదులు చెయ్యాలి."

టార్చి వెలుగు అటూ ఇటూ ఊగింది. మనవరాలు నవ్వు ఆపుకుంటోంది.

"ఎంత ఓపికండీ" అన్నాడు.

"అదే నేనూ అనుకుంటున్నా. ఎంత ఓపికో."

"ఇంత తంటాలెందుకు? ఊరికే ఫోన్ చేసినా వచ్చేవాణ్ని కదా."

"ఆ ఫోనేదో మీరే చెయ్యొచ్చుగా? చేసిందంతా చేసి నా మీదకు తోస్తారేం?"

"నేనా?"

"కాదు, నేను."

టార్చి ఇంజన్‌లో పడింది. ఇద్దరూ ఒకేసారి చేతులు పెట్టారు. చేతులు నల్లబడ్డాయి. ఆమె ముఖం తుడుచుకుంది. అతను గడ్డం గోక్కున్నాడు.

"మీసం వచ్చిందండీ మీకు" అన్నాడు.

"ముందు నీ గడ్డం చూసుకో."

'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. అన్నాక గానీ ఆమెకు తెలియలేదు. ఇద్దరూ ఫెండర్‌కు ఆనుకుని, పొట్టలు పట్టుకుని నవ్వారు.

ఎనిమిది వాల్వులూ సరిచేసి, కవరు బిగించి స్టార్ట్ చేశారు. టకటక లేదు. అమ్మమ్మ కాఫీ గ్లాసులతో వచ్చింది.

"ఏమర్రా, పోయిందా?"

"పోయింది" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

సోమవారం పిల్లలు కారులోనే బడికి వెళ్లారు. మరుసటి ఆదివారం కారు చప్పుడు చెయ్యలేదు. మెకానిక్ మాత్రం వచ్చాడు. వాళ్లిద్దరికీ పెళ్లయి ఇప్పటికి రెండేళ్లయింది. ట్యాపెట్లు వదులు చేసింది నువ్వంటే నువ్వని ఇద్దరూ ఇప్పటికీ దెప్పుకుంటూనే ఉన్నారు.

ఆ నాలుగు శనివారాలూ, మనవరాలు బజారుకు నడిచి వెళ్లగానే కళ్లజోడు తుడుచుకుని, వాల్వ్ కవరు విప్పి, తన పెళ్లికి ముందు తాతయ్య నడిపిన రిపేరు షెడ్డులో నేర్చుకున్న పద్ధతి ప్రకారం ఎనిమిదింటినీ ఒకే కొలతకు వదులు చేసింది అమ్మమ్మ.