జవాబు రేపు

"ఎన్నొచ్చాయి సార్?" స్కానింగ్ యంత్రం తెర తుడుస్తూ అడిగింది టెక్నీషియన్.

"మూడొందలు దాటాయి" అన్నాడు డాక్టరు, ఫోను మీంచి తలెత్తకుండా.

"లైకులు కాదు సార్. జవాబులు."

డాక్టరు ముఖం ముడుచుకుపోయింది.

ఆయన గుండెను తెర మీద చూసి జబ్బు చెప్పే స్పెషలిస్టు. హాస్పిటల్లో అందరూ వీడియో డాక్టరంటారు, ఎదురుగా కాదులెండి. ఐదేళ్లుగా వారం వారం గుండె గురించి ఒక వీడియో పెడతాడు. మధ్యమధ్యలో పేరూ వివరాలూ చెరిపేసిన స్కాను ఒకటి పెట్టి, "ఇదేమిటో చెప్పండి చూద్దాం" అని పొడుపుకథ విసురుతాడు. ఎక్కడెక్కడి డాక్టర్లో ఎగబడి జవాబులు రాస్తారు. మర్నాడు ఈయన కళ్లజోడు సర్దుకుని, గొంతు సవరించుకుని, అసలు సంగతి సెలవిస్తాడు. ఆ ఒక్క రోజు ఇంట్లో ఈయనతో వేగలేమని భార్య అంటుంది.

ఇవాళ పొద్దున పెట్టిన పొడుపుకథతో ఒక్కటే చిక్కు. జవాబు ఆయనకే తెలియదు.

స్కాను స్కూలు బస్సు డ్రైవరుది. ఆయాసమని వచ్చాడు. చూస్తే గుండె ఎడమ పై గదిని ఆనుకుని నిమ్మకాయంత ముద్ద. కణితా, గడ్డకట్టిన రక్తమా? గడ్డయితే మందులతో కరుగుతుంది. కణితయితే రేపు పొద్దున్నే ఛాతీ కోసి తీసేయాలి. ఇంకా వివరంగా చూపించే పెద్ద యంత్రమేమో పాడై మూలన పడి ఉంది. సర్జను ఈయన మాట కోసమే కాచుకున్నాడు. "నాకు తెలియడం లేదురా" అంటే సరిపోయేది. కానీ లక్ష మంది అభిమానులున్న మనిషి ఆ మాట ఎలా అంటాడు? అందుకే డ్రైవరును ఒప్పించి, ఆ స్కాను పెట్టి, కింద దర్జాగా రాశాడు: 'నాకు తెలుసు. మీకు తెలుసా? జవాబు రేపు.'

ఫోను మోగింది. సర్జను. ఇద్దరూ ఒకే బెంచీ మీద చదువుకున్నారు.

"ఒరే, ఎంతసేపురా? థియేటరు బుక్ చేసి కూర్చున్నా. కోయాలా, వద్దా?"

"ఇంకో కోణంలో చూస్తున్నానురా. సాయంత్రం చెప్తా."

ఆ కోణం ఫోనులో ఉందని మాత్రం చెప్పలేదు.

ఇంతలో డ్రైవరు తలుపు తోసుకుని వచ్చాడు. "సార్, కోయక తప్పదా? మా ఆవిడ పొద్దుట్నించీ ఒకటే ఏడుపు. చిన్నదానికి ఇంకా మూడేళ్లు కూడా నిండలేదు సార్."

"కంగారు పడకయ్యా. చూస్తున్నాంగా" అన్నాడు డాక్టరు. అన్నాడే కానీ లోపల ఆయన గుండే దడదడలాడింది.

వచ్చిన జవాబుల్లో సగం కణితన్నాయి, సగం గడ్డన్నాయి. ఒకాయన శుభోదయమని పువ్వు పెట్టాడు. ఇంకొకావిడ తన అత్తగారి మోకాళ్ల నొప్పికి మందు అడిగింది. అన్నిటికన్నా అడుగున, 'నాలుగు గదుల ఇల్లు' అనే పేరుతో ఎవరో రాశారు: 'పేషెంటుతో ఒక సోడా తాగించి మళ్లీ చూడండి సార్.'

దాని కింద అన్నీ పళ్లికిలించిన బొమ్మలే. 'నాకూ ఒకటి సార్, చల్లగా' అని ఒక కొంటెవాడు.

డాక్టరుకు ఒళ్లు మండింది. 'ఇది హాస్పిటల్. కూల్‌డ్రింకుల కొట్టు కాదు' అని జవాబు కొట్టి పారేశాడు.

"పోనీ తాగిద్దాం సార్" అంది టెక్నీషియన్. "పోయేదేముంది? సోడాయేగా."

"నలుగురికీ తెలిస్తే నవ్విపోతారు."

"తలుపేస్తాను సార్."

మునిగేవాడికి గడ్డిపోచ కూడా ఆధారమే. డ్రైవరు అయోమయంగా చూస్తూ సగం సీసా ఖాళీ చేశాడు. డాక్టరు అతని ఛాతీ మీద స్కాను పరికరం ఆనించి తెర వైపు చూశాడు. ముద్ద ఉన్నట్టే ఉంది. ఉన్నట్టుండి దాని లోపల తెల్లటి బుడగలు కుతకుతమంటూ సుడులు తిరిగాయి.

"ఓరి నాయనో!" అన్నాడు డాక్టరు. "కణితెక్కడైనా సోడా తాగుతుందా?"

అది కణితీ కాదు, గడ్డా కాదు. కడుపు. దాని పై భాగం ఉండాల్సిన చోట ఉండకుండా ఛాతీలోకి ఎగబాకి, గుండె వెనక నక్కి కూర్చుంది.

డ్రైవరు బ్రేవుమని త్రేన్చాడు. "అంటే కోయరా సార్?"

"గుండెను ముట్టుకోమయ్యా. కడుపుకి మందులిస్తాం."

డ్రైవరు ఆయన రెండు చేతులూ పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. డాక్టరు కళ్లూ చెమర్చాయి. సర్జనయితే ఫోనులో పడీ పడీ నవ్వాడు. "సోడా పట్టించి నా ఆపరేషనే ఎత్తగొట్టావు కదరా!"

ఆ తర్వాత డాక్టరు ఫోను తీసి, 'నేను ముందే అనుకున్నట్టు...' అని మొదలుపెట్టాడు. డ్రైవరు ఏడుపు గుర్తొచ్చి సిగ్గేసింది. అదంతా చెరిపేసి, 'నాలుగు గదుల ఇల్లు' నంబరు అడిగి తీసుకుని ఫోను చేశాడు. ఎత్తింది ఎక్కడో చిన్న హాస్పిటల్లో పనిచేసే డాక్టరమ్మ.

"సార్, మీరా! నేనేమైనా తప్పుగా రాశానా?"

"తప్పు నాదమ్మా. జవాబు తెలుసని గొప్పలు పోయాను. నాకేమీ తెలియదు. పైగా మిమ్మల్ని నలుగురిలో కసిరాను. మీరు రాయకపోతే రేపు ఒక మనిషి ఛాతీ ఉత్త పుణ్యానికి కోసేవాళ్లం."

"అయ్యో, అంత మాటెందుకు సార్."

"ఇంతకీ ఈ సోడా కిటుకు మీకు ఎవరు నేర్పారమ్మా? ఆ మహానుభావుడి కాళ్లకు దండం పెట్టుకోవాలి."

అవతల నవ్వు ఆపుకుంటున్న గొంతు వినిపించింది.

"మీరే కదా సార్, మీ మొట్టమొదటి వీడియోలో!"