విమల చెప్పలేకపోయిన మాట

నిరసనకారుల మీద లాఠీ ఎత్తాలన్నా, రబ్బరు గుండ్లు పేల్చాలన్నా పోలీసులు ముందుగా ముగ్గురు పౌరుల అనుమతి తీసుకోవాలన్న చట్టం వచ్చి ఆరేళ్లయింది. ఆ నెల గుంటూరులో విమలకు వంతు పడింది. ఫోనులో కనిపించే దృశ్యం చూసి, నిమిషంలోగా సరే అనో వద్దు అనో చెప్పాలి. ముగ్గురిలో ఇద్దరు ఏది అంటే అదే జరుగుతుంది.

మంగళవారం పొద్దున నడుము నిలవని అత్తగారికి స్నానం చేయిస్తుండగా ఫోను మోగింది. వదిలేస్తే ముసలావిడ స్టూలు మీంచి జారిపోతుంది. ఆమెను గోడకు ఆనించి, చేతులు తుడుచుకుని వచ్చేసరికి గడువు దాటిపోయింది. జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. మిగతా ఇద్దరిలో ఒకరు సరే అన్నారు, ఒకరు వద్దన్నారు.

మరుగుదొడ్లు కట్టించమని మిర్చి యార్డు ముందు కూర్చున్న ఆడవాళ్లలో మేరీకుమారి అనే కూలీకి రబ్బరు గుండు తగిలి ఎడమ కన్ను పోయిందని సాయంత్రం వార్తల్లో చెప్పారు. విమల ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

మర్నాడు ఆసుపత్రికి వెళ్లి ఆమె మంచం పక్కన నిలబడింది.

"ఆ ఫోను నాకే వచ్చిందమ్మా. మా అత్తకి నీళ్లు పోస్తన్నా. చూసుకునేసరికి టైమైపోయింది. చూసుంటే వద్దనేదాన్ని."

మేరీకుమారి కట్టు కట్టిన మొహాన్ని ఆమె వైపు తిప్పింది.

"పోలీసుల్ని చూసి మావాళ్లు లేచిపోతుంటే నేనే కూర్చోబెట్టానక్కా," అంది. "మనల్ని ముగ్గురు చూస్తన్నారు, ఏం కాదులే అన్నాను."

విమల ఆ మంచం పక్కనే కూలబడింది. మేరీకుమారి ఆమెను వెళ్లమనలేదు.