కూలే తేదీ

"ఆ పాత హోటలు ఏ క్షణాన్నయినా కూలిపోతుంది!" అంటూ మేయరు బల్ల గుద్దాడు. "రేపు పొద్దున్నకల్లా ఖాళీ చేయించాలి. నెలాఖరులోగా పడగొట్టి పునాది తవ్వకపోతే మంత్రిగారు ఇప్పించిన నిధులు వెనక్కి పోతాయి."

"పోతే పోనీ!" ప్రతిపక్ష నాయకుడు లేచాడు. "జనం సొమ్ముతో అక్కడ అద్దాల హోటలు కట్టుకునేదెవరు? మీ బావమరిది! అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు లేదూ?"

"కట్టేవాడు బావమరిదైతే గోడ నిలబడదా ఏం?" అన్నాడు మేయరు. సభలో సగంమంది బల్లలు చరిచారు. మిగతా సగంమంది కునుకు తీస్తున్నారు.

వెనక, జనం కూర్చునే బెంచీ మీద తేదీలమ్మ లావుపాటి బుకింగు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ పాత హోటల్లోని పెద్ద హాల్లో పెళ్ళిళ్ళకీ, విందులకీ తేదీలు రాసిచ్చేది ఆవిడే. అందుకే ఆ పేరు. రేపు హోటలు ఖాళీ అయితే ఆవిడతోపాటు వంటవాళ్ళూ, గదులు తుడిచేవాళ్ళూ, లిఫ్టు తాతా, అంతా కలిసి అరవైమంది రోడ్డున పడతారు. వాళ్ళ తరఫున రెండు ముక్కలు మాట్లాడి రమ్మని ఆవిడని పంపారు. మూడు గంటలుగా చెయ్యెత్తుతూనే ఉంది. ఆ చెయ్యి మేయరు కంటికి ఆనడం లేదు.

కార్పొరేషన్ ఇంజనీరు నివేదిక చదివాడు. స్తంభాలు పుచ్చిపోయాయట. స్లాబు పెచ్చులూడుతోందట. గట్టిగా తుమ్మితే మెట్లు ఊగుతాయట. ఆ మహానుభావుడు హోటలుకి వచ్చిందే ఒక్కసారి. హాల్లో కూర్చుని, అడిగి అడిగి మారు వేయించుకుని, స్తంభాల వైపు తలైనా తిప్పకుండా చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు. దగ్గరుండి వడ్డించింది తేదీలమ్మే. ఆ నివేదిక వింటుంటే ఆవిడకి ఒళ్ళు మండిపోయింది.

"సరే, ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి," అన్నాడు మేయరు.

తేదీలమ్మ ఈసారి చెయ్యెత్తలేదు. లేచి నిలబడింది.

"అయ్యా, ఒక్క మాట. అయితే ఇరవయ్యో తేదీన మీ అమ్మాయి రిసెప్షన్ కొట్టేయమంటారా?"

మేయరు ఎత్తబోయిన చెయ్యి టక్కున దించేశాడు.

"ఎనిమిది వందలమందికి చెప్పారు కదండీ. పెచ్చులూడే స్లాబు కింద, పసిపిల్లలు కూడా వస్తారాయె..."

మేయరు ఇంజనీరు వైపు చూశాడు. ఇంజనీరు గబగబా కాగితాలు తిరగేశాడు. "ఏ క్షణాన్నయినా అంటే మరీ ఇప్పుడే అని కాదండి. ఇరవై ఒకటి నుంచి ప్రమాదం."

"అదీ చదువంటే! ఇరవై ఒకటి అని రాసుకోండి," అన్నాడు మేయరు.

"సిగ్గుండాలయ్యా!" ప్రతిపక్ష నాయకుడు ఎగిరాడు. "మీ ఇంట్లో విందుందని భవనం కూలకుండా ఆగుతుందా?"

"ఇరవై ఏడున మీ అబ్బాయి నిశ్చితార్థమండీ," అంది తేదీలమ్మ. "ఉంచమంటారా, తీసేయమంటారా?"

ఆయన ఎంత జోరుగా లేచాడో అంత జోరుగానూ కూర్చున్నాడు. "అంటే... ఇంజనీరుగారు ఇంకోసారి చూసుకుంటే మంచిది. పాతకాలపు కట్టడాలు గట్టివి."

ఇంజనీరు చూసుకున్నాడు. ఇరవై ఎనిమిది అయింది. మూడు గంటలపాటు ఊరి బాగు కోసం గొంతులు చించుకున్న రెండు పక్షాలూ విందు భోజనం దగ్గర ఇట్టే కలిసిపోయాయి. ఇలాంటివాళ్ళకా మనం ఓట్లేసింది అనుకుంది తేదీలమ్మ.

"ఇరవై ఎనిమిదిన ఖాళీ, ఇరవై తొమ్మిదిన కూల్చివేత, ముప్పైన పునాది. గడువు సరిపోయింది!" అన్నాడు మేయరు. ముందు వరసలో బావమరిది మీసం దువ్వుకున్నాడు. "ఏమ్మా, ఇక నీ పుస్తకంలో ఎవరూ లేరుగా?" అని మేయరు తేదీలమ్మని అడిగాడు.

తేదీలమ్మ పేజీ తిప్పింది. కాసేపు దానివంకే చూసింది. 'ఈ వయసులో నన్నెవరు పెట్టుకుంటారమ్మాయ్?' అన్న లిఫ్టు తాత మాట గుర్తొచ్చింది. గొంతు సవరించుకుంది.

"ఒకటుందండీ. వచ్చేనెల పంతొమ్మిది. మంత్రిగారి మనవరాలి పెళ్ళి."

కునుకు తీస్తున్నవాళ్ళు కూడా నిటారుగా కూర్చున్నారు.

"అప్పుడే అందరికీ తెలియనివ్వద్దన్నారండీ," అందావిడ. "బాగా దగ్గరవాళ్ళకి మాత్రమే చెప్పుకున్నారట."

"నాకు పోయినవారమే ఫోన్ చేసి చెప్పారు!" అన్నాడు మేయరు వెంటనే.

"మా ఇంటికి మనిషిని పంపించి మరీ శుభలేఖ ఇచ్చారు," అన్నాడు ప్రతిపక్ష నాయకుడు.

"స్టేజీ ఎక్కడ కట్టాలో నన్నే చూడమన్నారు," అన్నాడు ఇంజనీరు.

బావమరిది ముఖం మాడిపోయింది. "బావా, అప్పటికి గడువు దాటిపోతుంది. ఒక్కసారి మంత్రిగారికి ఫోన్ చేసి కనుక్కోరాదూ?"

"ఏమని కనుక్కోమంటావురా? మీరు నాకు చెప్పిన పెళ్ళి నిజమేనా అనా? నోర్మూసుకుని కూర్చో!"

ఇంజనీరు నివేదికలో మొదటి పేజీ చింపేశాడు. భవనం నిక్షేపంలా ఉందనీ, సున్నం వేస్తే చాలనీ, నిధులు వెనక్కి పంపేయాలనీ ఏకగ్రీవంగా తీర్మానించారు. చప్పట్లు కూడా కొట్టుకున్నారు.

తేదీలమ్మ పుస్తకాన్ని చంకలో గట్టిగా ఇరికించుకుని హోటలుకి వచ్చేసింది. కౌంటరు వెనక కూర్చుని, వచ్చేనెల పేజీ తీసింది. తెల్లగా, ఒక్క గీతైనా లేకుండా ఉంది. పంతొమ్మిదో తేదీ ఎదురుగా 'మంత్రిగారి మనవరాలి పెళ్ళి' అని పొందిగ్గా రాసుకుంది.

అసలు మంత్రిగారికి మనవరాలుందో లేదో ఆవిడకి తెలియదు.